రంగస్వామి కాలు

వెంకటేశ్వరమ్మ ఒంటి మీద మొగుడు రంగస్వామి కాలు తగలని చోటు లేదు. పెళ్లయిన మూడో నెలలో సంగటి మాడిందని నడుము మీద తన్నాడు. చేలో కలుపు సరిగా తీయలేదని కడుపు మీద తన్నాడు. అప్పుడు పోయిన బిడ్డకు పేరైనా పెట్టుకోలేదు. అయినా ఎవరన్నా జాలిపడితే ఆమెకు ఒళ్లు మండేది.

"నీ జాలి నీ ఇంట్లో పెట్టుకో. నేనేమన్నా ఊరకున్యానా? వానికి ముందరి పండ్లు రెండు యాడికి పోయినాయో అడుగుపో" అనేది. అది నిజమే. రోకలితో రాలగొట్టింది.

అరవై దాటాక రంగస్వామికి షుగరు పట్టింది. మాత్రలు బుద్ధి పుట్టినప్పుడు మింగేవాడు. తన్నడం మాత్రం ఒక్క పూటా మరవలేదు.

ఆ ఊళ్లో పీర్ల పండుగకు పెద్ద పీరును ఎత్తేది రంగస్వామి వంశమే. పీరును భుజాన పెట్టుకుని నిప్పుల గుండం తొక్కాలి. కిందటేడు మూడుసార్లు తొక్కి, నీళ్లలో నడిచినట్టు చల్లగా ఉండాదన్నాడు. ఊరంతా కాళ్లకు మొక్కింది. ఇరవై రోజులకు కుడికాలి వేళ్లు రెండు నల్లబడి కుళ్లాయి. కర్నూలుకు తీసుకుపోతే కోసేశారు. "వేళ్లదేముంది, స్వామి నన్ను కాల్చలేదు" అని అప్పుడూ గొప్పే.

ఈ ఎండాకాలంలో స్తుతి అనే పిల్ల వచ్చింది. ముసలితనంలో షుగరు ఉన్నవాళ్ల పాదాల మీద పరిశోధనట. కొన్ని ఊళ్లలో రోజూ సాయంత్రం ఇంట్లోవాళ్లు రోగి పాదాలు చూడాలి, కొన్ని ఊళ్లలో మామూలుగా వదిలేస్తారు. మూడేళ్ల తర్వాత ఏ ఊళ్లో తక్కువ కాళ్లు పోయాయో తేలుస్తారు. ఆ పిల్ల రంగస్వామి కళ్లు మూయించి, సన్నని నైలాను దారంతో పాదాన్ని పదిచోట్ల పొడిచింది. ఒక్కచోటా ఆయన "ఆ" అనలేదు.

"తాతా, నీ కాళ్లకు స్పర్శ పోయింది. నిప్పు తెలియకపోయింది అందుకే" అన్నది.

"నా స్వామిని అబద్ధమంటావా?"

తన్నాడు. స్తుతి నొసలు గడపకు తగిలి చీలింది. పుస్తకమంతా నెత్తురు.

వారం తిరక్కుండానే నాలుగు కుట్లతో మళ్లీ వచ్చింది.

"సిగ్గులేదా పాపా, మళ్లా వచ్చినావు?" అన్నది వెంకటేశ్వరమ్మ.

"ఈ ఊళ్లో నలభై ముగ్గురుండారవ్వా. ఒక్కరు తగ్గినా నా పని చెడతాది." అని గొంతు తగ్గించింది. "ఇంకోసారి గుండం తొక్కితే మోకాలి దాకా తీసేస్తారు. ఆపైన మనిషి దక్కేదీ చెప్పలేం."

వెంకటేశ్వరమ్మ ఆ మాట రంగస్వామికి చెప్పింది. చెంప పగిలింది. నెల రోజులు చెప్పింది, నెల రోజులూ తన్నులు తిన్నది. నలభై ఆరేళ్లు తన్నించుకున్న కాలును కోసి కుక్కలకు వేయనిస్తానా అనుకున్నది.

పండుగ నాడు తెల్లవారింది. గుండంలో నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. డప్పులు మోగుతున్నాయి. తొక్కబోయే ముందు పీరు ఎత్తినవాని కాళ్లకు ఇంటి ఆడది నీళ్లు పోసి మొక్కాలి. వెంకటేశ్వరమ్మ చెంబుతో వంగింది. నీళ్లు పోసింది. కొంగులోంచి వేలెడు తుమ్మ ముల్లు తీసి మడమలో సగందాకా దించింది.

రంగస్వామి తన తమ్ముడు వీరభద్రతో మాట్లాడుతూనే ఉన్నాడు. "ఈసారి అయిదుసార్లు తొక్కుతా, చూస్తాండు!"

"అందరూ చూడండప్పా!" అని అరిచింది ఆమె. "ముల్లు దింపినా. వీనికి తెలీలేదు. ఇది స్వామి మహిమనా? ఇది షుగరు!"

డప్పులు ఆగిపోయాయి. రంగస్వామి ఆమె రొమ్ము మీద అదే కాలితో తన్నాడు. ముల్లు మొదలంటా దిగిపోయింది. ఆయన మొహంలో కండ కదల్లేదు. వెల్లకిలా పడిన వెంకటేశ్వరమ్మ నోట్లోని నెత్తురు ఉమ్మేసింది. మళ్లీ తన్నబోయి ఆయన కింద చూశాడు. అడుగు పెట్టిన చోటల్లా ఎర్రగా ఉంది.

"ఇది ఎవరి నెత్తురు?" అన్నాడు.

"నీదే."

ఆమె జుట్టు పట్టుకుని మొహం మీద రెండు గుద్దాడు. నలుగురు పట్టి లాగారు. పీర్ల చావిడి చూసుకునే ముజావరు మహబూబ్ సాబు ఆయన భుజం మీది పీరును దించి, వీరభద్ర చేతికిచ్చాడు. "వద్దు రంగస్వామీ. ఈ ఏడు నీ తమ్ముడు పోతాడు."

రంగస్వామి గుండం పక్క కట్ట మీద కూలబడ్డాడు. వెంకటేశ్వరమ్మ ఆ కాలును ఒళ్లోకి లాక్కుంది. ఆయన లేవబోతే చెంబు తీసుకుని మోకాలి మీద ఒక్కటిచ్చింది.

"అబ్బా! చంపినావు గదే ముండా!"

"ఈడ తెలుస్తాండాదా?"

"తెలియకేం!"

"అయితే కత్తిని ఈడిదాకా రానియ్యను. కదిలినావంటే ఇంకోటి పడతాది."

వీరభద్ర పీరుతో గుండంలోకి దిగాడు. రంగస్వామి కళ్ల నీళ్లు కారుతుండగా అటే చూస్తున్నాడు. ఆమె ముల్లును గోళ్లతో పట్టి లాగేసింది. ఆయన తల తిప్పలేదు.