ఇరవై ఆరు నల్లపురుగులు

అది ఆశ్వయుజ బహుళ తదియ, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆ రోజుల గురించి రాసేవాళ్ళు చాలామంది "ఓ ఉదయాన" అని జారుకుంటారు. నాకు వాళ్ళంటే చిన్నచూపు. ఆ వయసులో మనిషికి బుద్ధి లేకపోవచ్చు, గోడమీద గడియారం ఉంటుంది కదా! నాకు పద్దెనిమిదేళ్ళు. బరంపురం కాలేజీలో జంతుశాస్త్రం మొదటి సంవత్సరం (అంటే ఒక బొద్దింకను కోసి, దాని బొమ్మ గీసి, ఇక పురుగుల గురించి తెలుసుకోవలసినది ఏమీ మిగల్లేదని నమ్మే దశ). పూజ సెలవులకు ఊరి చివర పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను.

పెద్దనాన్న పోయాక వాళ్ళ పెరటి తోట పెద్దమ్మ మరిది పెత్తనం కిందికి పోయింది. ఆయన కాళ్ళాడిస్తూ ఒక మాటన్నాడు: "ఈ పంట తీసి సూపించు వొదినా, తోట నీదే. తియ్యనేకపోతే లారీల షెడ్డుకి ఇచ్చేత్తాను." పెద్దమ్మ పంతం పట్టి, పద్నాలుగు సాళ్ళలో, సాలుకి ముప్పై చొప్పున కాలీఫ్లవర్ నారు నాటింది. నేను వెళ్ళిన మర్నాడే, ఆ బుధవారం ఉదయం, చూసేసరికి పదకొండు మొక్కలు నేలకి ఆనించి కొరికేసి పడివున్నాయి.

"ఒలమ్మో, పురుగు కొట్టేత్తంది! సదువుకున్నదానివి కదే, పురుగుని సూసి ఏరి పారెయ్యే," అంది పెద్దమ్మ.

పురుగు! గొంగళికీ అదే పేరు, పెంకు ఉన్నదానికీ అదే పేరు, బియ్యంలో పాకేదానికీ అదే పేరు. చదువుకున్నదాన్ని గనక ఏ పురుగని అడగడం నాకు నామోషీ. చూశాను, కనబడింది. బొటనవేలంత నల్లపురుగు, ఒంటిమీద ఆరు తెల్లచుక్కలు: మెడమీద రెండు, వీపుమీద నాలుగు. వీపున డిప్పలున్నా ఎగరలేదు. పొడవాటి కాళ్ళతో, ఆలస్యమైన గుమాస్తాలా సాళ్ళ మధ్య పరుగెడుతోంది. ఎక్కువ మొక్కలు తెగిన సాళ్ళలోనే ఇవీ ఎక్కువ. ఇంకేం సాక్ష్యం కావాలి? (దొంగలు పడిన వీధిలో పోలీసులు ఎక్కువ కనబడతారని అప్పుడు తోచలేదు.) పట్టుకోగానే ఒంటి వెనకనుంచి ఘాటుగా ఏదో చిమ్మింది, చెంప భగ్గుమంది. తప్పు చేయనిది ఎందుకు చిమ్ముతుంది అనుకుని, కిరసనాయిలు డబ్బాలో వేశాను.

బుధవారం తొమ్మిది, గురువారం ఎనిమిది, శుక్రవారం ఆరు, శనివారం మూడు, ఆదివారం సున్నా. నోటుబుక్కులో గీతలు గీసి మరీ రాశాను. పక్కనే తెగిన మొక్కలు: పదకొండు, పద్నాలుగు, ఇరవై రెండు, ముప్పై ఏడు, యాభై ఎనిమిది. పురుగు తగ్గేకొద్దీ నష్టం పెరుగుతోందని ఆ కాగితం కేకలు వేస్తున్నా, చచ్చినవాటి పగ బతికినవి తీర్చుకుంటున్నాయని సిద్ధాంతం కట్టాను. ఇలాంటి బుర్రకి మార్కులు వేసిన మహానుభావుల్ని నేటికీ క్షమించలేదు.

సోమవారం పక్క తోట ఒరియా తాత కంచె దగ్గరకొచ్చి నా డబ్బాలోకి తొంగిచూశాడు.

"ఏ ఝియా, ఓ పిల్లా, బాఘొని సంపేసినావేటి?"

"బాఘొ ఏటి తాతా, పులా? ఇది పురుగు!"

"పురుగుల్లో పులే గదమ్మా," అంటూ వంగి, తెగిన మొక్క మొదట్లో వేలితో మట్టి గీరాడు. చుట్ట చుట్టుకున్న మట్టిరంగు లావు గొంగళి బయటపడింది. "ఇదమ్మా కొరికే పోకొ, అసలు పురుగు. పగలు మట్టిలో తొంగుంటాది. నీ డబ్బాలోది దీన్ని తింటాది. ఇప్పుడు దీన్నెవులు తింటారు? నువ్వు తింటావేటి?"

పెద్దమ్మ నవ్వింది. నేను ఏడ్చాను. ముగ్గురం కూర్చుని మట్టి గీరాం గాని, అప్పటికే అవి మమ్మల్ని మించిపోయాయి. తిరిగి నాటడానికి నారు లేదు.

వారం తర్వాత, నాటిన నాలుగువందల ఇరవైలో యాభై తొమ్మిది మొక్కలే మిగిలాక, మరిది వచ్చి, సాళ్ళ వెంట నడిచి, "ఏటయింది వొదినా?" అన్నాడు. నేను నోరు తెరవబోయాను.

"నారు మంచిది కాదు మరిదీ. నానే సూసుకోనేదు," అంది పెద్దమ్మ, నా వైపైనా చూడకుండా. సంక్రాంతి లోపే అక్కడ లారీల షెడ్డు రేకులు లేచాయి.

ఇప్పుడు ఫోనులో ఆ ఆరు చుక్కల పురుగు బొమ్మలు పెట్టి, రైతుకి మేలు చేసేదని చెబుతున్నారు. చాలా సంతోషం, కాస్త ముందు చెప్పవలసింది. నా లెక్కలో పొరపాటు ఉందేమోనని ఈ ముసలితనంలోనూ అప్పుడప్పుడు కూడి చూసుకుంటాను, నవ్వూ వస్తుంది. కూడికలో తప్పేమీ లేదు.

పోయినవి: మొక్కలు మూడువందల అరవై ఒకటి. నల్లపురుగులు ఇరవై ఆరు. తోట ఒకటి.