చల్లారేదాకా

ఖుర్సీపార్‌లో మా పక్కింటి మావయ్య స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. కోపమొస్తే టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పడేసి, ఊరికే నేలమీద కూర్చునేవాడు.

"కరిగిన ఇనుం మీద నీళ్లు పోస్తే పేలిపోతాదిరా. దానంతటది చల్లారాల" అనేవాడు.

ఆయన కొడుకుని పవర్ హౌస్ బజారులో పొడిచి చంపారు. మర్నాడు నేను ఇనుప రాడ్ పట్టుకుని బయల్దేరాను. వాకిట్లో కూర్చున్న మావయ్య దాన్ని లాక్కున్నాడు.

"పొడిచినవాణ్ణి చంపేస్తాను మావయ్యా!"

"నాకూ చంపాలనే ఉంది. అందుకే కూకున్నాను. నువ్వూ కూకో."

రాడ్ మధ్యలో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాం. ఆయన పళ్లు నూరుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. లేచేసరికి ఆయన లుంగీకి రక్తం. గోళ్లు తొడల్లోకి దిగిపోయాయి.

"చల్లారిందా మావయ్యా?"

"లేదు. రేపు కూడా వచ్చి కూకో."