గాలి పలచబడిన చోట

దారిలో రెండు మజిలీల్లో ఆపి, ఎత్తుకు ఒళ్లు అలవాటు చేయించి, చివరికి ఆర్మీ ట్రక్కులో తెచ్చి మమ్మల్ని దించారు. లడఖ్. పదహారు వేల అడుగుల ఎత్తు. ఎండ చురుక్కుమంటోంది, నీడలోకి వెళితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కిట్‌బ్యాగు దించడానికే ఆయాసం. పుంగనూరులో వేరుశనగ బస్తా భుజాన వేసుకుని నడిచినవాణ్ణి, సిగ్గేసింది.

డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. గాలిలో ఆక్సిజన్ వాటా మన ఊళ్లో ఎంతో ఇక్కడా అంతే, అయిదింట ఒక వంతు. మిగతాది దాదాపు అంతా నైట్రోజనే. కానీ ఎత్తుకు పోయేకొద్దీ మన మీద ఉండే గాలి బరువు తగ్గి, గాలి పలచబడుతుంది. ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఊళ్లో అందేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. మొదటి వారం విశ్రాంతి. అది ఆర్డరు.

మా రేడియో ఆపరేటర్‌ది కుప్పం. కూలికి పోయిన కుటుంబం. పని చేయకుండా కంచం ముందు కూర్చోవడం వాళ్లింట తప్పు. విశ్రాంతి రోజుల్లోనే నీళ్ల క్యాన్లు మోస్తూ నాకు దొరికాడు. బాగా తిట్టాను.

“ఊరికే కూసోని తింటే ముద్ద దిగదన్నా,” అన్నాడు.

దగ్గు మొదలైంది. జలుబేనని దాచి, మిరియాల కషాయం కాచుకుని తాగాడు. రెండు రోజులకు ఛాతీలో గరగర. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, వెంటనే కిందికి దించకపోతే బతకడన్నాడు డాక్టరు. మంచుకు రోడ్డు మూసుకుపోయింది. హెలికాప్టరే దిక్కు. పైన గాలి ఎలా ఉందో తెలియందే అది రాదు.

ఆ గాలి చూసేవాణ్ణి నేనే. తెల్లవారుతుండగా బెలూన్‌లో హైడ్రోజన్ నింపి, పైన గాలినీ చలినీ కొలిచి కిందికి కబురు పంపే పరికరం కట్టి వదిలాను. మబ్బులు, గాలివానలు ఉండే కింది పొర ట్రోపోస్ఫియర్. అందులో పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. ఆ పొర దాటితే స్ట్రాటోస్ఫియర్. అక్కడ ఓజోన్ ఎండను పీల్చుకుంటుంది, పైకి పోతే మళ్లీ వేడి పెరుగుతుంది. మామూలుగా బెలూన్ అక్కడికి చేరి పగిలేదాకా చూస్తాను. ఆ రోజు నాకు కావలసింది మా తలల మీది గాలే. కనుమలో విసురు తగ్గింది. మబ్బు ఎత్తులో ఉంది. చలిగాలి చిక్కన కాబట్టి రెక్కలకు పట్టు దొరుకుతుంది. ఎండెక్కితే ఆ పట్టు సడలుతుంది, విసురు మొదలవుతుంది.

రావచ్చా, కూడదా, ఒక్క మాటలో చెప్పమని బేస్ నుంచి రేడియోలో అడిగారు. నా లెక్క తప్పితే ఇద్దరు పైలట్లు, మావాడు, ముగ్గురూ పోతారు.

“రావచ్చు సార్,” అన్నాను.

వచ్చారు. స్ట్రెచర్ మీద వాడు నా చెయ్యి వదల్లేదు.

“మాయమ్మకు చెప్పొద్దన్నా, ఏడస్తాది.”

బతికాడు. ఇప్పుడు కుప్పంలోనే ఉద్యోగం చేసుకుంటున్నాడు.

నేను ఇంటికొచ్చాక మదనపల్లె బస్టాండులో కూడా అందరిదీ ఒకటే ప్రశ్న, ఎంతమందిని కాల్చావని. ఒక్క తూటా పేల్చలేదు. గాలిని చూసి చెప్పాను, ఒక మనిషి ప్రాణం నిలిచింది. గర్వంగానే చెబుతాను, ఎందుకు చెప్పకూడదు? అయితే కళ్లు మూసుకుంటే కనిపించేది బెలూన్ కాదు. హెలికాప్టర్ తలుపు మూసే ముందు వాడి ఆక్సిజన్ మాస్కు. లోపల ఆవిరి పట్టింది, తేటపడింది. ఊపిరి బిగబట్టి చూశాను. మళ్లీ ఆవిరి పట్టింది.