నీళ్ళాయన ఆగిన రోజు

కళ్ళజోళ్ళ దుకాణం ముందు గదిలో ఫ్రేములు, నిలువుటద్దం, నవ్వుతూ పలకరించే షాపాయన. వెనక గదిలో అద్దాల మేస్త్రి ఉండేవాడు. ముందు గదిలోకి వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమందికి వెనకొక గది ఉందని కూడా తెలీదు. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు నునుపు చేసి, గీత తేడా రాకుండా బిగించడం అతని పని. ముప్పై నాలుగేళ్ళుగా అదే పని. తిరిగే సాన మీద నీళ్ళు సన్నగా పడుతూ ఉండేవి కాబట్టి, అతని కుడి చేతి వేళ్ళు ఎప్పుడూ స్నానం చేసొచ్చినవాడి వేళ్ళలా ముడతలు పడి ఉండేవి.

ఏడాదికి ఒక్కసారి మాత్రం మేస్త్రి మూడు వారాలు సెలవు పెట్టేవాడు. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు, ఇంట్లో కూర్చుని సైకిల్ రేసు చూడ్డానికి. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు షాపాయన, "సైకిల్ రేసా? ఎవరైనా నీ చుట్టాలున్నారా అందులో?" అని అడిగాడు. తర్వాత్తర్వాత అలవాటు పడిపోయాడు.

ఆ పిచ్చి పట్టుకున్నది పంతొమ్మిదేళ్ళ కిందట. వెనక గదిలో తడి నేల మీద జారి కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డప్పుడు, ఏమీ తోచక టీవీ మీటలు నొక్కుతుంటే ఆ రేసు కనిపించింది. నూట డెబ్భై మంది, రోజూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, కొండలు, వాన, ఎండ; రోజుకో విజేత, చివరికి మూడు వారాల సమయమంతా కూడితే తేలే అసలు విజేత. మొదటి రెండు రోజులూ అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడోరోజు ఒకటి గమనించాడు. గెలిచేవాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతా వాళ్ళంతా ఆ ముగ్గురు నలుగురి కోసమే తొక్కుతున్నారు. ఎదురుగాలికి అడ్డంగా నిలిచేవాడొకడు, వెనకాల వచ్చే జట్టు కారు దాకా వెళ్ళి నీళ్ళ సీసాలు తెచ్చి పంచేవాడొకడు, అవసరమైతే తన చక్రం ఊడదీసి జట్టు నాయకుడికి ఇచ్చేసేవాడొకడు. ఆ రోజు నుంచి మేస్త్రి నోటు పుస్తకం పెట్టాడు. ఎవరు గెలిచారన్నది పేపర్లో వస్తుంది కాబట్టి అది రాసేవాడు కాదు. ఎవరు ఎవరికి ఎన్ని కిలోమీటర్లు గాలి కాచారో రాసుకునేవాడు.

వాళ్ళలో ఒకడంటే అతనికి ప్రాణం. పొడుగాటి మనిషి, వంకర ముక్కు, పదకొండేళ్ళుగా ఒకే జట్టులో ఉన్నాడు, ఒక్క రోజు కూడా గెలవలేదు. చొక్కా వెనకాల, మెడ దగ్గర, ఎక్కడ సందుంటే అక్కడ సీసాలు కుక్కుకుని వస్తుంటే నడిచే చలివేంద్రంలా ఉండేవాడు. అతని పేరు నోరు తిరక్క మేస్త్రి "నీళ్ళాయన" అని పెట్టుకున్నాడు.

ఇంట్లో మేస్త్రీ, అతని అక్కా, ఇద్దరే. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. రేసు వచ్చే గదిలోనే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పాత స్వెట్టర్లు విప్పి ఊలు ఉండలు చుట్టుకునేది. టీవీ వంక చూసేది కాదు. ఎప్పుడైనా తలెత్తితే, "ఇంతమంది ఇంత తొందరగా పోతున్నారు, అక్కడేమైనా కొంప మునిగిందా?" అనేది.

వీళ్ళ సంగతి కాస్త చెప్పాలి. నాన్న పోయినప్పుడు మేస్త్రికి పన్నెండు, అక్కకి ఇరవై. అక్క కాలేజీ రెండో సంవత్సరంలో ఉంది. నెల తిరక్కుండా చదువు మానేసి ఎక్స్ఛేంజిలో చేరింది. తమ్ముణ్ణి చదివించింది, అద్దాల పని నేర్పించే చోట చేర్పించింది. మేస్త్రి ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు గానీ, మనసులో రాయిలా మోశాడు. అక్కకి సంబంధాలు వస్తే అక్క వద్దంది. తమ్ముడికి వస్తే, "ముందు అక్క సంగతి తేలనీ," అన్నాడు. అక్క సంగతి తేలలేదు. అతనికి బాగా నచ్చిన ఒకావిడ, లెక్కల టీచరు, రెండేళ్ళు చూసి వేరొకర్ని చేసుకుంది. ఇప్పటికీ ఆ దుకాణానికే వస్తుంది. ఆమె అద్దాలు ఇతనే అరగదీస్తాడు. పవరు పెరిగినప్పుడల్లా ఆమెకన్నా ముందు ఇతనికి దిగులు.

ఆ ఏడాది రేసు మూడో వారంలో, ఒక మధ్యాహ్నం, నీళ్ళాయన గుంపులోంచి ముందుకి దూకాడు. మేస్త్రి కుర్చీ అంచుకి జరిగాడు. పదకొండేళ్ళలో ఎన్నడూ లేనిది. నీళ్ళాయనతో మరో ఇద్దరు. వెనక గుంపుకీ వీళ్ళకీ నాలుగు నిమిషాల తేడా. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. షాపాయన.

"మేస్త్రీ, నీ సెలవులో నిన్ను పిలవకూడదు, తెలుసు. ఒక అమ్మాయి కళ్ళజోడు మీద ఎవరో కూర్చున్నారు. రెండు అద్దాలూ ముక్కలు. మైనస్ పద్నాలుగు. రేపు పొద్దున్న పరీక్షట."

"పవరు అద్దాలున్నాయా?"

"అద్దాలున్నాయి. నీ బదులు పెట్టిన కొత్తవాడు ఒకటి అరగదీయబోయి పగలగొట్టాడు. ఇంక ఒక్క జతే మిగిలింది. వాడి చేతికి ఇవ్వాలంటే భయంగా ఉంది."

మేస్త్రి టీవీ వంక చూశాడు. మైనస్ పద్నాలుగంటే ఆ అమ్మాయి తన చేతివేళ్ళు కూడా మొహం దగ్గరికి తెచ్చుకుంటే గానీ లెక్కపెట్టుకోలేదు. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"వెళ్తున్నావా?" అంది అక్క, ఊలు చుట్టడం ఆపి. అన్నేళ్ళలో రేసు మధ్యలో తమ్ముడు లేవడం ఆమె చూడలేదు.

"పని పడిందక్కా."

"మరి అతను? ఆ పొడుగాయన?"

ఆమెకి ఆ మనిషి తెలుసని మేస్త్రికి అప్పుడే తెలిసింది. "ముందున్నాడు. గెలిచినా గెలవచ్చు."

అక్క ఊలు ఉండ పక్కన పెట్టింది. "దుకాణానికి వెళ్ళగానే ఫోను చెయ్యి. పెట్టెయ్యకుండా పక్కన పెట్టుకో. నేను చెప్తాను."

ఆ రోజు మేస్త్రి వెనక గదిలో సాన పక్కన ఫోను నిలబెట్టి పని మొదలుపెట్టాడు. మైనస్ పద్నాలుగు అద్దం మధ్యలో కాగితమంత పలచన, అంచున వేలంత మందం. ఎక్కువ నొక్కితే అంచు పెచ్చు లేస్తుంది. సాన తిరుగుతుంటే ఏమీ వినపడదు కాబట్టి కొంచెం అరగదీసి, మిషను ఆపి, అద్దాన్ని వెలుతురుకి పట్టి చూస్తూ వినేవాడు.

అక్క గొంతు స్పష్టంగా, నిదానంగా వచ్చేది. ముప్పై ఏళ్ళు ఇతరుల మాటలు కలిపిందే గానీ, మధ్యలో తను మాట కలిపిన మనిషి కాదు. "ఇరవై ఆరు కిలోమీటర్లు ఉంది. తేడా రెండు నిమిషాల నలభై సెకన్లు. ముగ్గురూ వంతులవారీగా ముందుకొస్తున్నారు. మనవాడే ఎక్కువసేపు ఉంటున్నాడు. మిగతా ఇద్దరూ పనిదొంగల్లా ఉన్నారు."

మేస్త్రి నవ్వుకుని ఎడమ అద్దం పూర్తి చేశాడు. మళ్ళీ మిషను ఆపేసరికి, "పద్దెనిమిది. కొండ మొదలైంది. ఒకడు వెనకబడ్డాడు. మనవాడు నోరు తెరిచి తొక్కుతున్నాడు. లైన్లో ఉన్నావా?"

"ఉన్నానక్కా."

గుమ్మం దగ్గర చప్పుడైంది. ఆ అమ్మాయి గోడ తడుముకుంటూ వచ్చి నిలబడింది. "ఎవరండీ మాట్లాడేది?"

"మా అక్కమ్మా. రేసు చెప్తోంది."

"నేనూ వినచ్చా? బయట కూర్చుంటే ఎటూ ఏమీ కనపడదు." మేస్త్రి స్టూలు చూపించబోయి, ఆమెకి కనపడదని గుర్తొచ్చి, తనే తెచ్చి వేశాడు.

కుడి అద్దం సగంలో ఉండగా అక్క గొంతు మారింది. "ఒరేయ్, వెనక గుంపులో ఎవరో పడ్డారు. వీళ్ళ జట్టు నాయకుడే అంటున్నారు. లేచాడు. మోచేయి రక్తం. పక్కన తన వాళ్ళెవరూ లేరు. మనవాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. చెవిలో ఉన్నదాంట్లో ఎవరో ఏదో చెప్తున్నట్టున్నారు."

మేస్త్రికి అర్థమైపోయింది. చేతిలో అద్దం అలాగే పట్టుకున్నాడు.

"పన్నెండు కిలోమీటర్లుంది, నిమిషం పది తేడా," అంది అక్క. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఎక్స్ఛేంజిలో అయితే ఆ నిశ్శబ్దానికి పై అధికారి మందలించేవాడేమో. "ఆగిపోయాడురా. కాలు కింద పెట్టి రోడ్డు పక్కన నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఎందుకాగాడు?"

"నాయకుడు వచ్చేదాకా ఆగమన్నారు. అతన్ని వెంటబెట్టుకుని లాక్కెళ్ళాలి. లేకపోతే మూడు వారాల కష్టం పోతుంది."

"గెలిచేవాడు కదా?"

"గెలిచేవాడేమో."

స్టూలు మీద అమ్మాయి, "అన్యాయం కదండీ," అంది మెల్లగా. మేస్త్రి మిషను వేశాడు. అంచు పెచ్చు లేవకుండా పని ముగించి, ఫ్రేములో బిగించి, ఆమె ముక్కు మీద పెట్టాడు. ఆమె గది నలుమూలలా చూసి, చివరికి అతని మొహం చూసి, "మీరు ఇంకా పెద్దవారనుకున్నాను," అంది.

ఇంటికి వెళ్ళేసరికి ఎండ ఇంకా వాలలేదు. అక్క టీవీ ముందుకి కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది. నాయకుడు మొత్తం లెక్కలో మూడో స్థానం నిలబెట్టుకున్నాడు. నీళ్ళాయనకి ఆ రోజు పందెంలో అరవై ఏడో స్థానం. టీవీలో ఎవరో అతని ముందు మైకు పెట్టారు. అతను చేతి తొడుగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మేస్త్రి, నలభై నాలుగేళ్ళు గొంతులో దాచుకున్న మాట, నేల వంక చూస్తూ అనేశాడు.

"నువ్వూ అలాగే ఆగావు కదక్కా. నా కోసం."

"నేనెక్కడ ఆగాను?"

"చదువు మానేశావు. పెళ్ళి చేసుకోలేదు."

అక్క అతని వంక వింతగా చూసింది. "చదువా? ఆ ఏడాది రెండు సబ్జెక్టులు తప్పాను. నాన్నకి చెప్పే ధైర్యం లేక దాచాను. ఉద్యోగం వచ్చేసరికి బతుకు జీవుడా అనుకున్నాను. ఆ బోర్డు ముందు కూర్చుని చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుంటే ఊరు ఊరంతా నా చేతిలో ఉన్నట్టుండేది. ఒక్క రోజు కూడా విసుగు పుట్టలేదు."

"మరి పెళ్ళి?"

"చేసుకోవాలనిపించలేదు. అంతే. అందరికీ అనిపించాలని ఎక్కడైనా రాసుందా?"

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడడిగావు?" అంది. అని, ఒక్క క్షణం తర్వాత, ఆమె మొహంలో ఏదో కదిలింది. "ఉండు. ఆ టీచరమ్మ సంగతి... ముందు అక్క సంగతి తేలనీ అని నువ్వన్నది... అది మాటవరసకి కాదా?"

"కాదు," అన్నాడు మేస్త్రి, ముడతలు పడ్డ వేళ్ళు చూసుకుంటూ.

"పిచ్చి సన్నాసీ," అంది అక్క. తిట్టినట్టు లేదు. కుర్చీలోంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది. "నిన్ను ఎవరు ఆగమన్నార్రా?"

అతనికి కోపం వచ్చిందా, నవ్వొచ్చిందా అంటే తర్వాత కూడా చెప్పలేకపోయాడు. ఇన్నేళ్ళూ మోసిన రాయి దించేశాక భుజం తేలికైన మాట నిజం. మోయకపోయినా సరిపోయేదని తెలిసి ఒళ్ళు మండిన మాటా నిజం. ఆ రెండూ చాలా రోజులు పక్కపక్కనే ఉన్నాయి. పనిలో ఉన్నా ఉన్నట్టుండి చేతులు ఆగిపోయేవి. ఆ టీచరుతో బతుకు ఇంకోలా ఉండేదా అని ఆలోచించేవాడు. ఉండేదేమో. అలా అని ఈ బతుకు తనది కాదనీ అనుకోలేకపోయాడు.

మారిందల్లా ఒకటే. ఇంట్లో మాటలు పెరిగాయి. అక్క ఎక్స్ఛేంజి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. రాంగ్ నంబర్లు కలిసి పెళ్ళిళ్ళయినవాళ్ళ గురించి, గొంతును బట్టి మనిషి ఎత్తు చెప్పేసే సహోద్యోగి గురించి. మేస్త్రి అడిగేవాడు. అడగడం అతనికి కొత్త కాబట్టి ఒక్కోసారి అతిగా అడిగేవాడు. "ఇక చాల్లే, నీకు పనేం లేదా," అని ఆమె కసురుకునేది.

మరుసటి ఏడాది రేసు జాబితాలో నీళ్ళాయన పేరు లేదు. విరమించుకున్నాడట. మేస్త్రి సెలవు పెట్టాలా వద్దా అని మూడు రోజులు తటపటాయించాడు. అక్కే షాపాయనకి ఫోను చేసి, "మా వాడికి మూడు వారాలు సెలవు. నాకు కూడా అనుకోండి," అంది.

మొదటి రోజే ఆమె ఒకణ్ణి ఎంచుకుంది. ఇరవై రెండేళ్ళవాడు, చెవికి పోగు, అందర్నీ మోచేత్తో తోసుకుంటూ చివరి రెండు వందల మీటర్లలో దూసుకొస్తాడు. ఎవరికీ ఒక్క సీసా కూడా అందించిన పాపాన పోలేదు.

"వాడా?" అన్నాడు మేస్త్రి. "వాడు ఎవరి కోసమూ ఏమీ చెయ్యడక్కా."

"అందుకే నచ్చాడు," అంది అక్క, కళ్ళజోడు సర్దుకుని. "నువ్వు కాస్త పక్కకి జరుగు. కనపడట్లేదు."