పది మాటల్లో నాలుగు

పది మాటల్లో నాలుగే చెప్పాలని మా కబడ్డీ జట్టుకు నేర్పింది నేనే. ఈ సంగతి జట్టు బయట ఇన్నేళ్ళూ మా ఇంట్లోవాళ్ళకూ ఒక డాక్టరమ్మకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు జరిగిందిది. అప్పుడు నేను ఒక ప్రభుత్వ శాఖ జట్టుకు కెప్టెన్ని, ఎడమ కార్నర్‌లో ఆడేవాణ్ణి. ఉండేది పాతబస్తీలో, ఛత్రినాకలో. తొంభైల్లో మట్టి కోర్టుల మీద ఆట నేర్చుకున్నవాణ్ణి. ఆ రోజుల్లో ఎవడైనా తలకు తగిలి కళ్ళు తేలేస్తే ముక్కు దగ్గర ఉల్లిగడ్డ చితక్కొట్టి పెట్టి, చెంబెడు నీళ్ళు కుమ్మరించి లేపేవాళ్ళం. లేచి నిలబడితే ఆటలో ఉన్నట్టే. నన్ను అలా నాలుగైదుసార్లు లేపారని స్నేహితులు అంటారు. నాకు గుర్తున్నవి రెండే.

అటువంటి మా దగ్గరకు ఆ ఏడు శాఖవాళ్ళు డాక్టరమ్మను తీసుకొచ్చారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మా అందరినీ ‘మీరు’ అనేవారు. ఆ మాటకే మావాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

“సీజన్ మొదలవకముందే మీ ఒక్కొక్కరి జ్ఞాపకం, చురుకుదనం ఎంతో రాసిపెట్టుకుంటానండి. రేపు తలకు దెబ్బ తగిలితే మళ్ళీ ఇదే పరీక్ష పెడతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మెదడు కోలుకుందో లేదో తెలుస్తుంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణాలకే ముప్పు,” అన్నారావిడ.

ప్రాణం సంగతి మా చెవికెక్కలేదు. కోలుకోకపోతే ఆడనివ్వరన్న ముక్క మాత్రం బాగా ఎక్కింది. జట్టులో సగంమంది టెంపరరీ ఉద్యోగులు. ఫైనల్ ఆడినవాళ్ళకు పర్మనెంట్ ఆర్డరు ఇస్తారని మాకు తెలుసు. అందుకని వరండాలో అందరినీ పోగుచేశాను.

“ఇనుండ్రి. ఆమె పది మాటలు చదువుతది. నాలుగు జెప్పి తల గోక్కోండ్రి. నెలల పేర్లు ఉల్టా జెప్పమంటే ఆగస్టు కాడ ఆగుండ్రి. ఇయ్యాల తక్కువొస్తే రేపు దెబ్బ తాకినా గంతే వస్తది. ఇగ ఫికరేంది?”

అంత తెలివి నాకెక్కడిదా అని నేనే మురిసిపోయాను.

ఆవిడ పది మాటలు చదివి, ఓ పావుగంట వేరే ప్రశ్నలు అడిగి, మళ్ళీ ఆ పదీ చెప్పమనేవారు. తెలుగులో ఆవిడ సొంతంగా తయారు చేసుకున్న పట్టీ అదొక్కటే. మేం పన్నెండు మందిమీ ఒకరి తర్వాత ఒకరం నాలుగు చెప్పి తల గోక్కున్నాం. చివరికి ఆవిడ కాగితాలు తిరగేసి నా వంక చూశారు.

“మీ జట్టంతా ఒక్కలాగే మరిచిపోతుందే,” అన్నారు. నేను మళ్ళీ తల గోక్కున్నాను.

తిరుగు బస్సులో నా బామ్మర్ది లేచి నిలబడ్డాడు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, మా జట్టులో మొదటి కూత వాడిదే. వాళ్ళది గౌలిపురలో పాల కుటుంబం. రోజూ తెల్లవారుజామున ఆరు బర్రెల పాలు పితికి మరీ ప్రాక్టీసుకు వచ్చేవాడు. పైన రాడ్డు పట్టుకుని ఆ పది మాటలూ వరుసగా చెప్పాడు, తర్వాత చివరి నుంచి మొదటికి చెప్పాడు. బస్సంతా ఈలలు. కండక్టర్ కూడా నవ్వాడు.

రెండు నెలల తర్వాత, ఫైనల్‌కు నాలుగు రోజుల ముందు సాయంత్రం ప్రాక్టీసులో వాడు కూతకొచ్చాడు. నేను కాళ్ళకు అడ్డంపడి పట్టాను. ఇద్దరం దొర్లాం. నా మోకాలు వాడి కణతకు తగిలింది. ఆ చప్పుడు నాకు బాగా వినబడింది. వాడు లేచాడు, నవ్వాడు, మట్టి దులుపుకున్నాడు.

“బావా, టాస్ ఎవలు గెల్చిన్రు?” అన్నాడు.

“ప్రాక్టీసుల టాస్ ఏందిరా?”

“అవు గదా,” అన్నాడు. నీళ్ళు తాగి వచ్చి నా పక్కన కూర్చుని మళ్ళీ అడిగాడు. “బావా, టాస్ ఎవలు గెల్చిన్రు?”

ఆ పూటకు ప్రాక్టీసు ఆపించాను.

మర్నాడు డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టాం. వాడు నాలుగు మాటలు చెప్పాడు. నెలలు ఆగస్టు దగ్గర ఆగాయి. ఆవిడ పాత కాగితం తీసి పక్కన పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. కళ్ళలో లైటు వేసి చూశారు, ఒంటికాలి మీద నిలబెట్టారు.

“తేడా ఏమీ కనిపించడం లేదండి. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని ఆడొచ్చు,” అని సంతకం పెట్టారు.

బయటికి రాగానే వాడి భుజం మీద చరిచాను. “మస్తు యాక్టింగ్ జేసినవ్ రా. గా మిగిలిన ఆరు జెప్పు, ఇందాం.”

వాడు నా ముఖంలోకి చూశాడు. “ఏ ఆరు బావా?”

యాక్టింగ్ కాదది. వాడికి నిజంగా అన్నే వచ్చాయి. నేను చెప్పించిన అబద్ధం మీద ఆ నిజం సరిగ్గా అతికింది. మేనేజర్‌కు చెబుదామని పోతే, “కాయితం సాఫ్ ఉన్నది గదనే, ఇంకేం లొల్లి?” అని పంపించేశాడు. రెండు రోజులు నోరు మూసుకున్నాను. అన్నం తినేటప్పుడు నా భార్య తమ్ముడి ఆర్డరు గురించి మాట్లాడుతుంటే తల ఎత్తలేదు. ఇంకో రెండు రోజుల్లో తగ్గుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిరికివాణ్ణి, ఆ మాట ఒప్పుకోవాలి.

ఫైనల్ రోజు పొద్దున వాణ్ణి తీసుకుపోదామని గౌలిపుర వెళ్ళాను. వాడు స్నానం చేస్తున్నాడు. మా అత్తమ్మ నన్ను పాకలోకి పిలిచింది.

“అల్లుడా, వీనికేమైంది? ఇయ్యాల ఒకటే బర్రె కాడికి మూడుసార్లు బకెట్ పట్కపోయిండు. పితికిన దాన్నే పితుకుతుండు. అది తంతే గూడ సమజైతలేదు.”

జట్టు బస్సు పదకొండుకి. అప్పటికి తొమ్మిదిన్నర. స్కూటర్ తీసి డాక్టరమ్మ క్లినిక్కి పోయాను. లోపల ఇద్దరు పేషెంట్లున్నారు. తలుపు తోసుకుని వెళ్ళిపోయాను.

“మేడం, మేమందరం అబద్ధం జెప్పినం. నేనే జెప్పిచ్చిన. వాడు బస్సుల పదికి పది చెప్పిండు. ఇప్పుడు నాలుగే వస్తున్నయ్.”

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముందు ఫోను తీసి మేనేజర్‌కు చెప్పారు, ఆ సంతకం చెల్లదని. కాగితం మీద రాసి చేతికిచ్చారు కూడా. “పన్నెండు మందీ నాలుగే చెప్పినప్పుడు నాకు అనుమానం వచ్చింది. అప్పుడే గట్టిగా అడగవలసింది,” అన్నారు. తర్వాత నన్ను కూర్చోమన్నారు.

“బస్సు ఉన్నది మేడం.”

“పావుగంట పడుతుంది. ఈసారి నిజంగా చెప్పండి.”

పదీ చదివారు. పావుగంట ఏవేవో అడిగారు. తర్వాత నేను చెప్పాను. చెంబు, గొడుగు, నిమ్మకాయ, రైలు, దువ్వెన, చీమ. ఆగిపోయాను. గోడ వంక చూశాను. ఫ్యాను వంక చూశాను.

“తొందరేం లేదండి,” అన్నారావిడ.

చాలాసేపటి తర్వాత ఆరు అని రాసుకున్నారు. “మీ తలకు ఎన్నిసార్లు తగిలింది?” అని అడిగారు. రెండు అన్నాను. మళ్ళీ, “దోస్తులు అయిదంటరు,” అన్నాను.

ఆ ఫైనల్ ఓడిపోయాం. నా బామ్మర్ది గీత బయట కూర్చుని నన్ను చూసిన చూపు మరిచిపోలేను. “నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?” అని అందరి ముందూ అరిచాడు. వాడి ఆర్డరు ఒక ఏడాది వెనక్కి పోయింది. మిగిలినవాళ్ళందరికీ మళ్ళీ పరీక్షలు పెట్టారు, నా కెప్టెన్సీ పీకేశారు. నా భార్య పదిరోజులు నాతో ముభావంగా ఉంది. అత్తమ్మ మాత్రం మా ఇంటికి పాలు పంపడం ఆపలేదు. ఆ ఫైనల్ తర్వాత నేను మళ్ళీ కోర్టులో దిగలేదు.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాల వేళ వాడు మా గడపలో నిలబడ్డాడు. అప్పటిదాకా నాతో ఒక్క మాట లేదు. చెప్పులు విడవలేదు, లోపలికి రాలేదు.

“పొద్దుగాల డాక్టరమ్మ కాడికి పోయిన. లెక్క పెట్టు,” అన్నాడు.

వేళ్ళు చాపాను. చెంబు, గొడుగు, నిమ్మకాయ, రైలు, దువ్వెన, చీమ. అక్కడిదాకే నాకూ తెలుసు. ఆ తర్వాత వాడు గుక్క తిప్పుకోకుండా ఇంకో నాలుగు చెప్పాడు. ఆ నాలుగూ ఏవో ఇక్కడ రాద్దామంటే గుర్తు రావడం లేదు. పది వేళ్ళూ ముడుచుకున్నాయి.

“కరెక్టేనా బావా?” అన్నాడు.

నా భార్య వంటింటి తలుపు పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది.

“కరెక్టేరా,” అన్నాను. “రా, తిందాం.”