టెక్కలి వైపు మబ్బు

ఏప్రిల్ చివరి వారంలో ఒక మధ్యాహ్నం టెక్కలిలో వాన మొదలైంది. బట్టల కొట్టులో పనిచేసే యమున ఫోను మోగలేదు.

అంతకుముందు మోగేది. ఆమె భర్త ధర్మేంద్ర నౌపడలో ఉప్పు మళ్లు కౌలుకు చేస్తాడు. వేసవి వాన కొండల నుంచి టెక్కలి మీదుగానే అటు దిగుతుంది. రాశి పోసిన ఉప్పు మీద తాటాకులు కప్పడానికి అరగంటైనా కావాలి. అందుకే ఎండ కాస్త మందగిస్తే చాలు, ఫోన్ చేసేవాడు. "ఎక్కడున్నావు?" అనేదే మొదటి మాట. లోపలుంటే బయటికెళ్లి ఆకాశం చూడమనేవాడు. ఎత్తకపోతే కేకలేసేవాడు. తిన్నావా అని మాత్రం ఏనాడూ అడగలేదు.

"మీ ఆయన పోలీసేటే?" అని నవ్వేది పక్క కౌంటర్లో ఉండే శైలజ. ఆ శైలజే ఒకరోజు తన ఫోనులో పరీక్ష ఒకటి తెరిచి ఇచ్చింది. మొగుడూ పెళ్లాల బంధం ఎంత ఆరోగ్యంగా ఉందో చెబుతుందట. మీ భర్త మీరెక్కడున్నారని తరచూ ఫోన్ చేసి అడుగుతారా? ఎత్తకపోతే కోప్పడతారా? పనిలో ఉన్నా వదలరా? ముందురోజే ఇంట్లో గొడవైంది. యమున అన్నిటికీ 'ఎప్పుడూ' అని నొక్కింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఎందుకు ఫోన్ చేస్తాడన్న ప్రశ్న ఆ పరీక్షలో లేదు.

ఫలితం ఎర్ర అక్షరాల్లో వచ్చింది. మీ భర్త మిమ్మల్ని అదుపులో పెడుతున్నాడు, నమ్మకమైన వారికి చెప్పండి అని. ఆమె దాన్ని అన్న హరిబాబుకు పంపింది. అతను నౌపడ వెళ్లి, అది చూపించి కూలీల ముందే బావని నిలదీసి వచ్చాడు. ఆ రోజు నుంచి ఫోను లేదు.

వాన మొదలైనప్పుడు తనే చేసి చెప్పొచ్చు. ఫోను చేతిలోకి తీసుకుంది కూడా. అవసరమైతే ఆయనే చేస్తాడులే అని పక్కన పెట్టేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి రాశిలో సగం కరిగి కాలవలో కలిసిపోయింది. ధర్మేంద్ర పెరట్లో నిలబడి తడిసిన చొక్కా పిండుతున్నాడు.

"వాన నాకు ముందే కనబడినాది బావా. సెప్పనేదు. తప్పు నాదే."

"తప్పేటున్నాది? ఎక్కడున్నావని అడుగుతాను, ఎత్తకపోతే అరుస్తాను. నువ్వు నొక్కినవన్నీ నిజమే గదా," అన్నాడు.

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాతి వారం మళ్లీ మబ్బు పట్టింది. ఈసారి యమున ఆలస్యం చేయలేదు. కొట్టు మెట్ల మీదికి వచ్చి ధర్మేంద్రకు ఫోన్ చేసింది. బిజీగా ఉంది. మళ్లీ చేసింది. బిజీ. రోడ్డుకు అవతల టీ బండి అసిరయ్య ఫోను చెవికి ఆనించుకుని, తలెత్తి కొండల వైపు చూస్తున్నాడు.

"నల్లగా కమ్మీసినాది. బేగి కప్పీ," అని పెట్టేశాడు.

ఎవరని యమున రోడ్డు దాటి వెళ్లి అడిగింది.

"మీ ఆయనేనమ్మా. రోజూ సేస్తన్నాడు," అని అసిరయ్య పొంగుతున్న పాల వైపు తిరిగాడు.