మూడో ఇంజెక్టర్

ఈ రోజు మా పామాయిల్ తోటలో గెలల కోత. సరిగ్గా ఇవాళే మా పికప్ బండి మొరాయించింది. రోడ్డు మీద ఎలాగో పోతుంది కానీ, ఇంజన్ ఆపకుండా నిలబెడితే మలేరియా వచ్చినట్టు వణుకుతుంది. నేను దగ్గర లేకుండా కోత ఎలా సాగుతుందో అని గొణుక్కుంటూనే సత్తుపల్లిలో మెకానిక్ మస్తాన్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాను.

ఆయన ఇంజన్ ఆన్‌లో ఉండగానే, లోపలికి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల వైర్లు ఒక్కొక్కటే పీకి, మళ్లీ పెట్టి చూశాడు. మొదటిది పీకితే బండి ఇంకా ఊగిపోయింది. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏ మార్పూ లేదు.

"దొరికింది అన్నా, ఇదే," అన్నాడు.

"ఇది పీకితే ఏం కాలేదు గద భాయ్?"

"అందుకే ఇది. పనిచేసేదాన్ని పీకితే ఇంజన్‌కు తెలుస్తది. ఇది ఉన్నా లేకున్నా ఒక్కటే."

ఇంజెక్టర్ మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. హడావిడిగా తోటకు వస్తే, కోత మొత్తం అయిపోయింది. గెలలు రోడ్డు పక్కన కుప్ప పోసి ఉన్నాయి. తమ్ముడు నీడలో కూర్చుని అన్నం తింటున్నాడు.

"షెడ్డు కాడ గింత సేపైందిరా," అన్నాను సంజాయిషీగా.

వాడు తలెత్తి చూశాడు. "ఏంది, పొద్దున్నుంచి నువ్వు లేవా అన్నా? బండి డ్రైవర్‌తో పంపినవ్, నువ్వు ఆ చివర చెట్ల కాడ ఉన్నవ్ అనుకున్న."

ఇంజన్ ఆపకుండా కాసేపు బండిలోనే కూర్చున్నాను. ఇంజన్ ఎంత నిమ్మళంగా ఆడుతోందో!

మీలో ఎవరైనా ఒక పూట మీ వైరు మీరే పీకి చూసుకున్నారా? ధైర్యముంటే ఏం తేలిందో చెప్పండి.